హేమ సైటే ముందొస్తుంది

జూన్ 7, శనివారం

మళ్ళీ వెతికా. "ఆళ్లగడ్డ రాతి విగ్రహాలు" అని కొట్టగానే మొదట హేమ సైటు. దాని కింద ఎవరెవరివో. మాది లేదు. కిందికి, ఇంకా కిందికి... బొటనవేలు నొప్పి పుట్టింది. లేదు.

నా తోడికోడలు! ఈ ఇంటికి నా తర్వాత వచ్చింది. సైటు కూడా నా తర్వాతే పెట్టింది. నేను పెట్టానని చూసి పెట్టింది. ఇప్పుడది ముందు. నేను అసలు ఉన్నానో లేనో.

జూన్ 8

ఈయన రాయి కోస్తూ కోస్తూ మిషన్ ఆపి అన్నాడు — "శ్రావణమాసం దాకా చూస్తా. అప్పటికీ పని రాకుంటే షెడ్డు మూసేసి తమ్ముని కాడికి పోతా. కూలికే పోతా. ఏముంది దాంట్లో?"

ఏముందా! అన్న పోయి తమ్ముడి షెడ్డులో సుత్తి పట్టడం. హేమ గ్లాసు చేతికిచ్చి "టీ తాగు బావా" అనడం. నేను బతికుండగా జరగనివ్వను.

మామయ్య పోయాక షెడ్లు రెండయ్యాయి. రోడ్డుకి అటు వాళ్ళది, ఇటు మాది. రాతిదుమ్ము మాత్రం ఇప్పటికీ ఉమ్మడే — వాళ్ళు కోస్తే మా బట్టల మీద, మేం కోస్తే వాళ్ళ వడియాల మీద. ఈమధ్య మా బట్టల మీదే ఎక్కువ పడుతోంది.

జూన్ 10

హేమ సైటులో కొత్త ఫోటో. లక్ష్మీనరసింహస్వామి, నల్లరాయి. కళ్ళు...

పెద్దది చేసి చూశా. మూసేశా. మళ్ళీ తెరిచి చూశా. ఆ కళ్ళు చూస్తే చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. ఉగ్రం ఉంది, దాని వెనక జాలి కూడా ఉంది. మా మరిది చెయ్యి కాదిది. అతని చేతికి పీఠాలు వస్తాయి, నందులు వస్తాయి, ముఖం రాదు. బయటి నుంచి ఎవరినో తెచ్చుకున్నారు. తమిళనాడు వైపు నుంచే అయ్యుంటుంది. హేమ తెలివి అంతా ఇంతా కాదు.

ఎవరు చేసినా తెలిసేదేముంది? మా ఇళ్ళల్లో విగ్రహం మీద శిల్పి పేరు చెక్కరు. షెడ్డు పేరు చెప్పుకోవడమే. మంచిదంతా హేమ వాళ్ళదే అవుతుంది.

మరి ఈయన? సమాధి ఫలకాలు, తులసికోటలు. ముఖం చెక్కగా చూసి ఎన్నాళ్ళయిందో. ఇంత చెయ్యి పెట్టుకుని...

జూన్ 12

ఈయన తెల్లారే తలస్నానం చేసి గుడికి పోయాడు. ఈ వారంలో రెండోసారి. పని లేనివాడికి భక్తి ఎక్కువ.

జూన్ 14, శనివారం

నంద్యాల పోయా. విత్తనాల అంగడి మీద గది. వెబ్‌సైటు ఉన్నవాళ్ళకూ బ్లాగులు రాసేవాళ్ళకూ క్లాసు — సెర్చ్‌లో ముందుకు రావడం ఎలాగో నేర్పుతారు, శనివారాలు. చెప్పేది గ్రేస్ మేడం. మామూలు రోజుల్లో బడి టీచరు. ఆ బెత్తం గొంతులోనే ఉంది. శ్రీశైలానికి కార్లు తిప్పే ఒకతను, మగ్గం పని చేసే ఒకామె, వంటల బ్లాగు రాసే ఒక పెద్దావిడ, నేను.

మొదటి మాటే — "సెర్చ్ ఇంజనంటే దేవుడు కాదమ్మా, మొక్కుకుంటే రాదు. అది చదువుతాది. అంతే. మీరు రాయకుంటే దానికేం తెలుస్తాది?"

నా పేజీ గోడ మీద వేసింది. పైన టైటిల్ ఉండాల్సిన చోట "హోమ్" అని ఉంది. "యాడన్నా ఇంటికి 'ఇల్లు' అని పేరు పెట్టుకుంటారామ్మా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వా. పైకి.

బస్సు సిరివెళ్ళ దాటేదాకా హేమ టైటిలే చూస్తూ కూర్చున్నా. "ఆళ్లగడ్డ నల్లరాతి దేవతా విగ్రహాలు — గుళ్ళకు, ఇళ్ళకు". చక్కగా, ముక్కుసూటిగా. దీనికెవరు చెప్పారు? క్లాసు లేదు, మేడం లేదు. ఇంటర్ తప్పింది కూడాను.

జూన్ 16

టైటిల్ మార్చా. లోపల మొదటి వాక్యం కూడా మార్చాలి. "శిలామయ శిల్పకళా వైభవ నిలయం" అని పెట్టుకున్నాం. నేనే రాశా, మురిసిపోయి. అట్లా వెతికేవాడు ఈ భూమ్మీద ఉంటాడా?

"జనం నోట్లో ఉండే మాట రాయండి" అంది మేడం. ఈయన్ని అడిగా — ఫోన్ చేసేవాళ్ళు ఏమని అడుగుతారు?

"ఏమడుగుతారు? అన్నా, ఆంజనేయస్వామి ఎంత ఎత్తు చేస్తావ్, ఎన్ని దినాలు పడతాది, లారీలో పగలకుండా వస్తాదా... అవే."

అవే ప్రశ్నలు రాశా, అవే జవాబులు రాశా. రాస్తుంటే హాయిగా ఉంది. తర్వాత ఉండబట్టక హేమ సైటు తెరిచా. అవే ప్రశ్నలు. ఎప్పుడో రాసి పెట్టింది.

జూన్ 17

పప్పులో ఉప్పు రెండుసార్లు వేశా. ఈయన మజ్జిగ కలుపుకుని తిన్నాడు.

జూన్ 21, శనివారం

ఇవాళ ఫోటోలు. నావి ఒక్కొక్కటి ఏనుగంత బరువట, పేజీ తెరుచుకునేలోపు చూసేవాడు ఇంకో సైటుకి పోతాడట. ప్రతి ఫోటోకీ అదేమిటో మాటల్లో రాయాలి. "కంప్యూటరుకి బొమ్మ కనపడదు. చూపులేనోళ్ళకి ఫోను చదివి వినిపించేది గూడా ఆ మాటే. 'బొమ్మ ఒకటి, బొమ్మ రెండు' అని రాస్తే వాళ్ళకేం తెలుస్తాది?" నావన్నీ అట్లాగే ఉన్నాయి.

ఆ తర్వాత లింకులు. మన సైటు గురించి వేరే సైటు వాళ్ళు మంచిగా చెప్పి దారి చూపిస్తే మన విలువ పెరుగుతుందట. అందరివీ తీసి చూపించింది. వంటల పెద్దావిడకి బోలెడు. నాకు ఒక్కటే.

"ఎవరమ్మా ఈమె? 'మా బావగారి శిల్పశాల కూడా చూడండి' అని తన సైటులో నీకు లింకు ఇచ్చింది?"

"మా తోడికోడలు" అన్నా.

"అదృష్టవంతురాలివి."

ఒళ్ళు మండిపోయింది. దానమా? ముష్టి వేసినట్టు ఒక లింకు! నేనడిగానా? వద్దని చెప్పాలి. చెప్తే... వద్దన్నానని కూడా అదే గొప్పదవుతుంది.

జూన్ 24

హేమ రోడ్డు దాటి వచ్చింది. "అక్కా, సైటు బాగా మార్చినావ్" అంది. చూస్తోందన్నమాట. నా పేజీ మీద కన్నేసి ఉంచింది!

నేను దాని పేజీ రోజూ చూస్తున్నా కదా అని ఇక్కడ రాయడం నాకిష్టం లేదు.

జూన్ 28, శనివారం

ఇంత చేసినా మాది రాలేదు. ఉండబట్టలేక మేడంతో అనేశా — "మా తోడికోడలు ఎవరికో దుడ్లిచ్చి మమ్మల్ని తొక్కిస్తాంది మేడం."

"ఒకరినొకరు తొక్కుకునేదానికి ఇదేం బస్సా?" అని నా ల్యాప్‌టాప్ లాక్కుంది. సెట్టింగుల్లోకి పోయింది. ఆగింది. నా వైపు చూసింది.

"ఈ సైటును సెర్చ్‌లో చూపించొద్దు అని టిక్కు పెట్టినావ్. ఎందుకు పెట్టినావమ్మా?"

అప్పుడు గుర్తొచ్చింది. సైటు కట్టేటప్పుడు ఈయనే అన్నాడు — ముహూర్తం దాకా ఎవ్వరి కంట్లోనూ పడకూడదని. మా దగ్గర అంతే కదా, విగ్రహానికి కళ్ళు పెట్టే రోజు వరకు ముఖం మీద గుడ్డ తియ్యరు. అందుకని ఆ టిక్కు పెట్టా. మంచిరోజు చూసి ల్యాప్‌టాప్‌కి బొట్టు పెట్టాం, కొబ్బరికాయ కొట్టాం, హారతిచ్చాం. హేమే పాట పాడింది. టిక్కు తియ్యడం మాత్రం మరిచిపోయాం.

క్లాసంతా ఒకటే నవ్వు. మేడం కూడా. కార్లతను కళ్ళు తుడుచుకున్నాడు. ఏడాదికి పైగా గుడ్డ కప్పి పెట్టుకుని, ఎవరూ చూడ్డం లేదని హేమను తిట్టుకున్నా.

టిక్కు తీశా. అయినా హేమ మీద కోపం తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో తెలియదు.

జూలై 4

వచ్చింది! మూడో పేజీలో. ఈయనకి చూపించా. "మంచిదే" అన్నాడు. ఉలికి పదును పెట్టుకుంటున్నాడు. తులసికోటకి అంత పదును ఎందుకో?

జూలై 9

మొదటి పేజీ. పైన హేమ, దాని కిందే నేను.

కనపడనప్పుడే నయం. ఇప్పుడు ఎవరు చూసినా పక్కపక్కనే పెట్టి చూస్తారు. దాని నరసింహస్వామి, మా తులసికోట.

జూలై 12, శనివారం

మ్యాప్‌లో అంగడి పెట్టుకోవడం, రివ్యూలు. రివ్యూలు చాలా ముఖ్యమట. కొత్త ఊరివాడు ముందు రేటింగు చుక్కలు చూస్తాడు, తర్వాతే బొమ్మ. "చెడ్డ రివ్యూ వస్తే మూసిపెట్టుకోవద్దండి. దానికే ముందు జవాబు రాయాల. కోప్పడకుండా." అబద్ధపు రివ్యూల జోలికి పోవద్దని కూడా అంది, మనకు మంచివైనా సరే, పక్కవాళ్ళకు చెడ్డవైనా సరే.

హేమకి రివ్యూలు వరసగా ఉన్నాయి. ఊళ్ళ పేర్లతో, గుళ్ళ ఫోటోలతో. మాకు ఒకటే ఉంది. ఈయన స్నేహితుడు రాశాడు — "మంచి మనిషి".

జూలై 14

పొద్దున్నే హేమ ఉగ్గాణి తెచ్చింది, పైన బజ్జీలు పెట్టి. వాకిట్లోనే మొదలుపెట్టింది.

"అక్కా, బళ్ళారి కాడ కొత్త గుడి కడతాండారంట. అమ్మవారు, నిలువెత్తు. సైటు చూసి ఫోన్ చేసినారు. ఆషాఢం పోనీ, శ్రావణంలో ఖాయం చేస్తామన్నారు."

"మంచిది" అన్నా. నవ్వా కూడా.

"నరసింహస్వామి కళ్ళు చూసి ఒకటే పొగడ్త అక్కా" అని ఈయన వైపు చూసింది. ఈయన తల వంచుకుని బజ్జీ తింటున్నాడు. సిగ్గు లేకుండా నా మొగుడి ముందు నాకు ఈ వడ్డన ఏమిటి?

ఉగ్గాణి బాగుంది. అది ఇంకా మంట.

ఈ ఒక్క పని మాకొచ్చి ఉంటే షెడ్డు నిలబడేది. ఈయన శ్రావణం మాట మరిచిపోయేవాడు.

జూలై 15

రాశా.

నా ఫోన్‌లోనే కొత్త అకౌంట్ తెరిచా. పేరు "ఒక భక్తుడు". హేమ వాళ్ళ షెడ్డుకి ఒక్క చుక్క. "నరసింహస్వామి విగ్రహం చూశాం. కళ్ళల్లో జీవం లేదు. కనుగుడ్లు పెట్టినట్టున్నాయి గానీ చూపు లేదు. బయటివాళ్ళతో చేయించి తమ పని అని చెప్పుకుంటున్నారు."

ఇంకేదైనా రాయొచ్చు, పీఠం బాగాలేదనొచ్చు. కళ్ళ మీదే రాశా. అవే అన్నిటికంటే బాగున్నాయి కాబట్టి.

రాసిన తర్వాత చల్లగా ఉంది. మజ్జిగ తాగినట్టు. నిజం చెప్పుకుంటున్నా, ఇది ఎవరూ చదవరు కదా.

జూలై 16

తీసేద్దామా? రెండు రోజులుండనీ.

జూలై 19

నంద్యాల పోలేదు. తలనొప్పి అని మేడానికి మెసేజ్ పెట్టా. తలనొప్పి లేదు.

జూలై 22

హేమ ముఖం వాడిపోయి ఉంది. రోడ్డు అవతల నుంచి చూశా. సంతోషం వస్తుందనుకున్నా. వచ్చింది, ఉండలేదు.

జూలై 26, శనివారం

బళ్ళారి గుడి కమిటీ ఆయన ఫోన్ చేశాడు. మాకు! సెర్చ్‌లో హేమ తర్వాత మేమే కదా. ఈయన చేతులు రాతిదుమ్ముతో ఉన్నాయని నేనే స్పీకర్‌లో పెట్టా.

"మీ సైటు నోడి, అదే చూసి చేసినామప్పా. ముందు మీ ఎదురు షెడ్డాయనకే ఇద్దామనుకుంటిమి. ఎవరో రాసినారు, ఆడ కళ్ళల్లో జీవం లేదంట. అమ్మవారికి కళ్ళే గదప్పా ముఖ్యం? భయం పుట్టింది మాకు. మీరయితే బాగా చేస్తారా కళ్ళు?"

"చేస్తాడు" అని నేనంటూనే ఉన్నా.

ఈయన మిషన్ పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. "ఏం రాసినారు? ఇంగోసారి చెప్పప్పా."

ఆయన చదివాడు. నేను రాసిన మాటలు, ఒక్కటీ పోకుండా.

తర్వాత ఈయన అన్నాడు — "ఆ కళ్ళు పెట్టింది నేనేనప్పా. నా తమ్ముడు కాదు. జీవం లేదంటే నా చేతిలోనే లేదు. మీరు ఇంగెవర్నన్నా చూసుకోండి." ఫోన్ పెట్టేశాడు.

నేను నిలబడే ఉన్నా.

"నువ్వా? ఎప్పుడు?" అన్నా.

"తెల్లారే పోతాండా. నాయన పోతా పోతా చెప్పినాడు. షెడ్లు రెండైనా కళ్ళు మటుకు ఒక్క చెయ్యే పెట్టాలని. నీకు చెప్తే పోనిస్తావా? ఆ గడప తొక్కొద్దని ఒట్టు పెట్టించుకుంటివి గదా మే."

అవును. పెట్టించుకున్నా.

జూలై 27

తేలు కుట్టిన దొంగ అంటారు. అరవడానికి లేదు.

తీసేయడానికి ఫోన్ తెరిచా. ఈయన వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఆ రాసింది చూపీ" అన్నాడు. చూపించా. తన ఫోన్‌లో కూడా ఎట్లా తెరవాలో చెప్పించుకున్నాడు. పొద్దుటి నుంచి అదే పేజీ. ఇప్పుడు తీసేస్తే మాయమైన సంగతి మొదట కనపడేది ఈయనకే.

జూలై 28

హేమ సైటు మళ్ళీ తెరిచా. టైటిల్ చూశా ఇన్నాళ్ళూ, ఫోటోల బరువు చూశా, లింకులు లెక్కపెట్టా, ఏ మాట ఎన్నిసార్లు వాడిందో చూశా. పేజీని పేజీలాగా చదవలేదు. ఇవాళ చదివా. "మా గురించి" కింద మూడో వాక్యం —

"మా విగ్రహాలన్నిటికీ కళ్ళు పెట్టేది మా ఇంటి పెద్దాయన, మా బావగారు."

మొదటి నుంచీ ఉన్నట్టుంది. దాచింది ఈయన. హేమ ఊరంతా చదివేలా రాసి పెట్టింది. నాకు తెలుసనే అనుకుందేమో. ఉగ్గాణి రోజు ఈయన వైపు చూసి పొగడ్త సంగతి చెప్పింది అందుకా...

ఇంత మంచిదాని మీద అసూయ పడటం కూడా సుఖంగా లేదు. చెడ్డదైతే ఎంత బాగుండేది.

జూలై 30

ఈయన ఉలి పట్టలేదు. రోడ్డు అవతల గోస్పాడు ఊరివాళ్ళు గుడికి చేయించుకుంటున్న అమ్మవారు తయారై ఉంది, కళ్ళొక్కటే తక్కువ. ముఖం మీద పసుపు గుడ్డ. వచ్చే వారం, ఎనిమిదో తారీఖు శుక్రవారం లారీ ఎక్కాలి. మరిది వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అన్నా, నువ్వు రాకుంటే ఎట్ల? ఊరంతా కాసుకుని ఉండాది."

"చెయ్యి నమ్మకం ల్యాదురా. యాడ తప్పిందో తెలిసేదాకా పట్టను."

"వదినా, నువ్వన్నా చెప్పు."

నేను చెప్పా. నువ్వు పెట్టిన కళ్ళు చూస్తే నాకు చేతులు జోడించాలనిపించింది అని చెప్పా. నిజమే కదా అది. ఈయన నవ్వాడు.

"నా పెండ్లానివి, నువ్వట్లనే అంటావ్. ఆయప్ప బయటోడు. బయటోనికే నిజం కనపడతాది."

ఆగస్టు 2, శనివారం

నంద్యాల క్లాసుకి ఇవాళా పోలేదు. ఈయనే రోడ్డు దాటించి హేమ వాళ్ళ షెడ్డుకి తీసుకుపోయాడు నన్ను. ఒట్టు నేనే తీసేసినట్టయింది.

"రివ్యూకి జవాబు అంగడోళ్ళే రాయాలంట గదా. హేమ అకౌంట్‌లో రాయల్ల. నీకు రాసేది బాగా వస్తాది, నువ్వు రాయి మే" అన్నాడు. హేమ ల్యాప్‌టాప్ నా ముందు పెట్టింది. నా ఫోన్ బల్ల మీద పెట్టి కూర్చున్నా. ఈయన పక్కన పీట మీద. గుడ్డ కప్పుకున్న అమ్మవారు వెనకాల.

"ముందు నమస్కారం పెట్టు."

పెట్టా.

"కోపంగా వద్దు. అయ్యా, ఆ కళ్ళు పెట్టింది నేను. మీరు చెప్పిన లోపం నాకు కనపడలేదు. అది నా తప్పు. ఈడికి ఒక్కసారి రండి. లేకుంటే మీ ఊరు చెప్పండి, బస్సెక్కి నేనే వస్తా. యాడ జీవం తగ్గిందో వేలు పెట్టి చూపీండి. నేర్చుకుంటా... రాసినావా?"

రాశా. అక్షరాలు కనపడటం లేదు. హేమ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. పంపమన్నాడు. పంపా.

బల్ల మీద నా ఫోన్ మోగింది.

హేమ దగ్గరగా ఉంది. నాకంటే ముందు అదే చూసింది. "ఒక భక్తుడు — మీ రివ్యూకు యజమాని జవాబిచ్చారు" అని వెలుగుతోంది తెర. చూసింది. నన్ను చూసింది. ఫోన్ బోర్లా పెట్టేసింది.

"ఎవరు?" అన్నాడు ఈయన.

"ఎవరో లే బావా, రీచార్జి చేసుకోమని" అంది. గొంతు కొంచెం కూడా వణకలేదు. తర్వాత లేచి నాకు వీపు తిప్పి టీ గిన్నె పెట్టుకుంది. "ఆ రాసినాయప్ప మరీ చెడ్డోడు అయ్యుండడు బావా. జవాబిస్తాడు. శుక్రవారం లోపలే ఇస్తాడు, చూస్తాండు."

టీ పోసి ఈయనకిచ్చింది. "తాగు బావా" అంది. నాకూ ఇచ్చింది. గ్లాసు కాలుతోంది, కింద పెట్టలేకపోయా.

తిట్టి ఉంటే బాగుండు. జుట్టు పట్టుకుని ఈయన ముందు ఈడ్చి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. కాపాడింది. ఇక జన్మంతా దాని ముందు తలెత్తలేను. ఇందులో కూడా అదే ముందు.

ఆగస్టు 3

హేమ రాలేదు. రోడ్డు అవతల వడియాలు తీస్తూ కనపడింది. ఈ పక్కకి చూడలేదు.

ఆగస్టు 4

"రాసినాడా ఆయప్ప?"

"ఇంకా లేదు."

ఆగస్టు 5

"రాసినాడా?"

అన్నం సగంలో లేచాడు. మరిది మళ్ళీ వచ్చి పోయాడు. గోస్పాడు వాళ్ళు ఫోన్ మీద ఫోన్.

ఆగస్టు 6

రాయాల్సింది నేనే. ఆ భక్తుడి పేరుతో. లోపం లేదు, పొరపాటుగా రాశాను అంటే ఈయన నమ్మడు. జాలిపడి మాట మార్చాడనుకుంటాడు. లోపం ఇదీ అని ఏదో ఒకటి రాస్తే నమ్ముతాడు. నమ్మి, బాగున్న కళ్ళను మార్చుకుంటాడు. నా పేరుతో నిజం రాస్తే ఉలి పడతాడు, అది తెలుసు. ఆ తర్వాత నా ముఖం చూస్తాడో లేదో అది తెలియదు.

ఫోన్ చేతిలోనే ఉంది. "అయ్యా, నమస్కారం" దాకా రాశా. తర్వాత "మీ కళ్ళల్లో లోపం లేదు, నా కడుపులో" అని రాసి కొట్టేశా. మళ్ళీ రాశా.

వాకిట్లోంచి పిలుస్తున్నాడు.

"మే, రాసినాడా?"